ముందు చక్రం దగ్గర ‘టక్’: ఒక సస్పెన్షన్ డైరీ

మొదటి ఆదివారం, 94,310 కి.మీ.

మా బండికి పదకొండేళ్ళు. చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. తిరుచానూరు రోడ్డు పక్కన మా వీధి సిమెంటు రోడ్డే గానీ, నీళ్ళ పైపుల కోసం తవ్వి పూడ్చిన చోట ఎనిమిది గతుకులున్నాయి. నెల రోజులుగా వాటి మీద వెళ్తుంటే ముందువైపు ‘టక్’ మంటోంది. అదీ ఇరవై కిలోమీటర్ల వేగంలోపే. అద్దం దించితే బాగా వినిపిస్తుంది, ఎత్తితే సగం వినిపిస్తుంది, స్పీడు పెరిగితే రోడ్డు రొదలో కలిసిపోతుంది. ఇంట్లో ఎవరినడిగినా ఎడమ వైపు అన్నారు. నాకూ ఎడమ వైపే అనిపించింది.

శబ్దమే కదా అని చాలామంది వదిలేస్తారు. నా వల్ల కాదు. నెలకోసారి అమ్మనీ నాయననీ కొండకి తీసుకెళ్ళేది ఈ బండిలోనే. దిగేటప్పుడు ఒక పక్క లోయ. ముందు చక్రాన్ని పట్టుకున్న వాటిలో ఏదో ఒకటి వదులైందని చెవికి తెలిశాక స్టీరింగ్ మీద చెయ్యి నిమ్మళంగా ఉండదు.

మా వీధి చివర షెడ్డులో మెకానిక్ అన్న ఉన్నాడు. బండి చూడకముందే ఒక ప్రశ్న అడిగాడు. "శబ్దం ఎట్టుండాది నాయనా? టక్ మంటాదా, దుబ్ మంటాదా, కిర్ మంటాదా?" టక్ అన్నాను. "టక్ అంటే ఇనుముకి ఇనుము తగల్తా ఉండాది. దుబ్ అంటే రబ్బరు చినిగుండాది. కిర్ అంటే యాడో ఎండిపోయుండాది. ముందు అది రాసిపెట్టుకో."

రాసిపెట్టుకున్నాను. ఈ డైరీ అక్కడ మొదలైంది. ఇంకో సంగతి కూడా రాసుకున్నాను. ఎనిమిది నెలల కిందట ఒక వర్క్‌షాపులో ముందు లోయర్ ఆర్మ్‌లు, అంటే చక్రాలని కింద నుంచి ఫ్రేముకి కలిపే చేతులు, రెండూ మార్పించాను. కొత్తవి కాబట్టి వాటిని అనుమానించాల్సిన పని లేదనుకుని, ఆ పేరు పక్కన అప్పుడే టిక్కు పెట్టేశాను.

బుధవారం రాత్రి

పదకొండు దాటాక తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. ఆ వేళకి గానీ తిరుపతి రోడ్లు చెవికి దొరకవు.

మొదట గరుడ వారధి ఫ్లైఓవర్. మధ్యలో కొన్నాళ్ళు దాన్ని శ్రీనివాస సేతు అన్నారు. ఫ్లైఓవర్ మీద కొంత దూరానికొకటి ఎక్స్‌పాన్షన్ జాయింట్లుంటాయి. రెండు ముందు చక్రాలూ ఒకేసారి వాటి మీదికి ఎక్కుతాయి. నెమ్మదిగా, వెనక ఎవరూ లేకుండా చూసుకుని దాటాం. టైర్ల చప్పుడే తప్ప టక్ లేదు.

తర్వాత మా వీధి స్పీడ్ బ్రేకరు. నేరుగా ఎక్కించాను, శబ్దం లేదు. అదే స్పీడ్ బ్రేకరుని ఏటవాలుగా, ఒక చక్రం ముందు, ఒక చక్రం తర్వాత ఎక్కేలా తిప్పి ఎక్కించాను. టక్. వెనక్కి తీసి మళ్ళీ ఎక్కించాను. మళ్ళీ టక్. పదిసార్లు చేస్తే పదిసార్లూ వచ్చింది.

బండి ఆపి, నిలబడిన చోటే స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పాను. ఏమీ లేదు. షాకప్ పైనుండే బేరింగ్ పట్టేస్తే ఇక్కడ స్ప్రింగ్ మెలిపడి వదిలినట్టు ‘టంగ్’ అనాలి. గతుకు మీద వెళ్తూ బ్రేకు పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించాను, టక్ తగ్గలేదు. బ్రేక్ ప్యాడ్లు వదులుగా ఆడుతుంటే ఆ కొంచెం ఒత్తిడికే అవి బిగిసి శబ్దం ఆగిపోవాలి.

రెండు చక్రాలూ కలిసి లేస్తే శబ్దం లేదు, ఒకటే లేస్తే ఉంది. దీనికి అర్థం చాలావరకు ఒకటే. ముందు రెండు చక్రాలనీ కలుపుతూ అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, స్టెబిలైజర్ బార్. మలుపులో బండి ఒరిగిపోకుండా పట్టేది అదే. రెండు చక్రాలూ కలిసి పైకి కిందికి ఆడితే ఆ కడ్డీ ఊరికే తిరుగుతుంది, దాని మీద బరువు పడదు. ఒక చక్రం మాత్రమే లేస్తే మెలిపడుతుంది. ఆ మెలి బలమంతా దాని రెండు చివర్లలో ఉన్న లింక్ రాడ్ల మీద పడుతుంది. లింక్ రాడ్ అంటే జానెడు పొడుగు కడ్డీ, రెండు కొసలా గిన్నెలో గుండు తిరిగేలా చిన్న బాల్ జాయింట్లు. వాటిలో ఒకటి అరిగితే టక్ అనాలి. పుస్తకంలో ‘లింక్ రాడ్’ అని రాసి కింద గీత గీశాను.

రెండో ఆదివారం

పొద్దున ఆరింటికే జాకీ తీశాను. వెనక చక్రాలకి ముందూ వెనకా ఇటుకలు, హ్యాండ్‌బ్రేక్, గేరు. జాకీ మీద ఎత్తిన బండి కిందికి తల పెట్టకూడదు. స్టాండు వేశాక, బండిని చేత్తో ఊపి అది కదలదని చూసుకున్నాకే దూరాలి. జాకీ సీలు ఎప్పుడు వదులుతుందో చెప్పి వదలదు.

అందరూ ఎడమ అంటున్నారు కదా అని ఎడమ చక్రం ఎత్తాను. పైనా కిందా పట్టుకుని ఊపాను, బాల్ జాయింట్ గట్టిగానే ఉంది. పక్కలకి ఊపాను, స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ గట్టిగానే ఉంది. లింక్ రాడ్‌ని పిడికిట్లో పట్టుకుని గుంజాను, రాయిలా ఉంది. కుడివైపు కూడా అలాగే ఎత్తి అలాగే చూశాను. అది కూడా రాయే. పుస్తకంలో గీత గీసిన ‘లింక్ రాడ్’ పేరు కొట్టేశాను. ఆ కొట్టివేత విలువ మూడు వేల నాలుగు వందల రూపాయలని తర్వాత తెలిసింది.

నాయన కుర్చీ వేసుకుని చూస్తూ ఉన్నాడు. ఆయన చాలా ఏళ్ళు కొండకి అంబాసిడర్ టాక్సీ తోలాడు. ఈ షాకప్, స్ప్రింగ్ ఒకే గొట్టంలా నిలబడి ఉండడం ఆయనకి ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది. అంబాసిడర్ ముందువైపు చుట్ట స్ప్రింగులే ఉండవు. పొడవాటి టార్షన్ బార్లు మెలిపడి బరువు మోస్తాయి. మా బండిలో ఉన్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే ఇంజనీరు 1940లలో జనరల్ మోటార్స్‌లో, షెవర్లే కేడెట్ అనే చిన్న కారు కోసం దీన్ని ఆలోచించాడు. 1947లో ఆ కారు పని ఆగిపోయింది. ఆయన ఫోర్డ్‌కి వెళ్ళాడు, 1950లో ఇంగ్లండులో వచ్చిన ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లలో ఈ పద్ధతి వాడుకలోకి వచ్చింది. మన దగ్గర 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ముందు చక్రాల దగ్గర ఉన్నదీ ఇదే. పైన ఒక రబ్బరు మౌంట్, కింద ఒక బాల్ జాయింట్, మధ్యలో గొట్టం. భాగాలు తక్కువ కాబట్టి చవక, తేలిక. చక్రానికి తగిలే ప్రతి దెబ్బా ఆ గొట్టం గుండా నేరుగా బాడీలోకి ఎక్కుతుంది. అందుకే ఎక్కడ పుట్టిన శబ్దమైనా డ్యాష్‌బోర్డు కిందే పుట్టినట్టు వినిపిస్తుంది.

కింద ఏదీ వదులుగా లేదు కాబట్టి తప్పు పైనే ఉండాలని తేల్చుకున్నాను.

గురువారం

మెకానిక్ అన్న దగ్గర రెండు స్ట్రట్ మౌంట్లూ, బేరింగులూ మార్పించాను. స్ప్రింగ్ నొక్కే పని నేను చెయ్యను. నొక్కిపెట్టిన స్ప్రింగ్ క్లాంపు జారితే ఆ దెబ్బకి ఎముక మిగలదు. దానికి తగిన పరికరం, అలవాటైన చెయ్యి ఆయనకున్నాయి. పాత మౌంట్ల రబ్బరు అంచున పగుళ్ళు కనిపించాయి, కాబట్టి మార్చాల్సినవే. సామానూ కూలీ కలిపి 3,400.

ఇంటికి వస్తూ మొదటి గతుకు ఎక్కాను. టక్.

బండి అక్కడే ఆపేసి కాసేపు కూర్చున్నాను. బాధ డబ్బు గురించి కాదు. నా పుస్తకంలో ఏటవాలు స్పీడ్ బ్రేకరు దగ్గర పది టక్కులు రాసి ఉన్నాయి, అవి లింక్ రాడ్ అని చెప్పాయి. నా చెయ్యి లింక్ రాడ్ కాదని చెప్పింది. రెండింటిలో ఒకటి తప్పు.

శనివారం రాత్రి

కాగితం మీద బొమ్మ వేసుకున్నాను. అడ్డంగా కడ్డీ, చెరో కొసన లింక్, చెరో పక్కన చక్రం. నేను ఒక చక్రాన్నే ఎత్తాను. ఒకటి గాలిలో వేలాడుతోంది, రెండోది బరువు మోస్తోంది. అంటే నేను చెయ్యి పెట్టిన సమయానికి కడ్డీ పూర్తిగా మెలిపడి ఉంది. ఆ మెలి రెండు లింకులనీ బిర్రుగా లాగి పట్టుకుంది. అరిగిన జాయింటైనా, కొత్త జాయింటైనా అప్పుడు రాయిలాగే ఉంటుంది. శబ్దం తెప్పించే బలమే, నేను పరీక్షించినప్పుడు వదులుని దాచిపెట్టింది.

ఇది ఎవరైనా జాకీ ఎత్తబోయే ముందు చదవాలని రాస్తున్నాను. లింక్ రాడ్ చూడాలంటే రెండు ముందు చక్రాలూ గాలిలో ఉండాలి, లేదా రెండూ నేల మీద ఉండాలి. ఒకటి పైన, ఒకటి కింద ఉంటే చూసినా చూడనట్టే.

మూడో ఆదివారం

ఎదురింటి వాళ్ళ దగ్గర ఇంకో స్టాండు అడిగి తెచ్చి ముందు రెండు చక్రాలూ ఎత్తాను. ఎడమ లింక్ గుంజాను, గట్టిగా ఉంది. కుడి లింక్ గుంజాను. వేళ్ళ కింద చిన్నగా ‘టిక్’. మళ్ళీ గుంజాను, మళ్ళీ టిక్.

కుడి! నెల రోజులుగా అందరి చెవీ ఎడమ అన్నది. ఆ కడ్డీ బండి ఈ వైపు నుంచి ఆ వైపుకి పోతుంది, తన మీద పడిన దెబ్బని అవతలి కొసకి మోసుకెళ్తుంది. శబ్దం పుట్టిన చోటు, వినిపించిన చోటు వేర్వేరు.

పై జాయింట్ రబ్బరు టోపీ ముందు నుంచి చూస్తే బాగానే ఉంది. చేతి అద్దం పెట్టి వెనక్కి చూశాను. షాకప్ వైపు వేలెడంత చీలిక. లోపల గ్రీజు అన్నది లేదు. నల్లటి ముద్ద, రెండు వేళ్ళ మధ్య నలిపితే సన్నటి ఇసుక గరగరలాడింది. బాల్‌కి చుట్టూ ఉండే ప్లాస్టిక్ గిన్నె అరిగిపోయి, బాల్ నేరుగా లోహం మీదే ఆడుతోంది. ఇనుముకి ఇనుము, ఆ అన్న చెప్పినట్టే.

కొనడానికి ముందు ఈసారి రుజువు కావాలనుకున్నాను. రెండు లింకులూ విప్పేశాను. 14 నంబరు స్పానర్ నట్టుకి, మధ్యలో బోల్టు తిరగకుండా 5 నంబరు ఎల్లెన్ కీ. కడ్డీ కొసలు దేనికీ తగలకుండా వైరుతో కట్టి, పది కిలోమీటర్ల వేగంతో వీధిలోనే తిప్పాను. లింకులు లేకపోతే మలుపులో బండి బాగా ఒరుగుతుంది, అలా మెయిన్ రోడ్డెక్కకూడదు. ఎనిమిది గతుకుల మీదా వెళ్ళాను. ఒక్క టక్ కూడా లేదు.

కొత్త జత 1,150 రూపాయలు. ఒకటే పోయినా రెండూ మార్చాను, రెండూ ఒకే రోడ్డు మీద అరిగాయి. మధ్యాహ్నం రెండింటికి బిగించడం పూర్తయింది. సాయంత్రం అదే స్పీడ్ బ్రేకరు, ఏటవాలుగా, పదిసార్లు. ఒక్కసారి కూడా రాలేదు. పుస్తకంలో ‘అయిపోయింది’ అని రాశాను.

తర్వాతి శుక్రవారం, 94,720 కి.మీ.

అమ్మానాయనలతో కొండకి. ఎక్కేది 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డు, దిగేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు. ఎక్కేటప్పుడు బండి ఎంత నిశ్శబ్దంగా ఉందో! నాయన అద్దం దించి విన్నాడు, తల ఊపాడు.

దిగేటప్పుడు రెండో గేరులో, ఇంజనే పట్టి ఉంచేలా దిగుతాను. అది నాయన నేర్పిన అలవాటు. మలుపుకి ముందు మాత్రమే బ్రేకు. మోకాళ్ళ నొప్పుల వల్ల అమ్మ ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చుంటుంది. మూడు నాలుగు మలుపులు దాటాక అంది, "నువ్వు బ్రేకు తొక్కినప్పుడంతా నా కాళ్ళ కింద ఎవురో తట్టినట్టుండాది రా."

నాకు ఏమీ తెలియలేదు, వినపడలేదు. తర్వాతి మలుపు దగ్గర అమ్మ పాదం దగ్గర నేల మీద చెయ్యి పెట్టమని వెనక నుంచి నాయనకి చెప్పాను. ముందుకి వంగి పెట్టాడు. బ్రేకు తొక్కాను. "దుబ్ మనింది," అన్నాడు.

అంటే శబ్దాలు రెండు. టక్ గట్టిది కాబట్టి దుబ్‌ని మింగేసింది. అది పోయాక ఇది బయటపడింది. అలిపిరి దాకా ముప్ఫై లోపు వేగంతో, ప్రతి బ్రేకూ ముందుగానే తేలిగ్గా వేస్తూ దింపాను. ఆ అరగంట నాకున్న టెన్షన్ ఇంకెప్పుడూ లేదు.

నాలుగో ఆదివారం

బ్రేకుతో వచ్చే దుబ్. బ్రేకు పడగానే చక్రాన్ని నేల వెనక్కి నెడుతుంది. ఆ తోపుని ఆపేది లోయర్ ఆర్మ్, అందులోనూ దాని వెనక బుష్, అంటే ఆర్మ్ ఫ్రేముకి బిగిసే చోటుండే రబ్బరు. మా బండిలో ఎడమ ఆర్మ్ వెనక బుష్ సరిగ్గా అమ్మ పాదాల కింద ఉంటుంది.

తమ్ముణ్ణి ఎడమ చక్రానికి దూరంగా, పక్కకి నిలబెట్టి ఖాళీ స్థలంలో నడకంత వేగంతో ముందుకి పోయి గట్టిగా బ్రేకు, రివర్స్‌లో పోయి గట్టిగా బ్రేకు. ఫోన్‌లో వీడియో తీశాడు. నెమ్మదిగా నడిపించి చూస్తే టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య సందు మారుతోంది. బ్రేకు పడగానే చక్రం మొత్తంగా నాలుగైదు మిల్లీమీటర్లు వెనక్కి పోతోంది. రివర్స్‌లో ముందుకి వస్తోంది. బ్రేక్ ప్యాడ్లని పట్టుకునే క్యాలిపర్ పిన్నులు కూడా విప్పి చూశాను, వాటిలో వదులు లేదు.

బండి ఎత్తి, ఆర్మ్‌కీ ఫ్రేముకీ మధ్య పొడవాటి టామీ రాడ్ పెట్టి మీటాను. బుష్ రబ్బరు నోరు తెరిచింది. లోపలి స్లీవ్ (బోల్టు దూరే ఇనుప గొట్టం) చుట్టూ సగానికి పైగా చిరిగిపోయి ఉంది. చిరుగు అంచు పాతబడి గట్టిపడలేదు, మెత్తగా, నల్లగా, తాజాగా ఉంది. స్లీవ్ పక్కన ఇనుము మీద వేలిగోరంత మెరిసే మచ్చ, అక్కడ రబ్బరు అడ్డం లేకుండా నేరుగా తగిలి నునుపెక్కింది.

ఎనిమిది నెలల బుష్ ఇలా ఎందుకు చిరగాలి? బండిని దించి, బరువు చక్రం మీద ఉండగా బోల్టు వదులు చేశాక తెలిసింది. బిగువు వదిలేసరికి లోపలి స్లీవ్ దానంతట అదే గిర్రున కొంచెం తిరిగి ఆగింది. అంటే ఎనిమిది నెలలుగా ఆ రబ్బరు మెలిపడే ఉంది. ఈ బుష్‌లో రబ్బరు లోపలి స్లీవ్‌కి అంటుకుని ఉంటుంది, బోల్టు బిగిస్తే స్లీవ్ ఫ్రేముకి బిగిసిపోతుంది. ఆ తర్వాత ఆర్మ్ ఊగడమంటే రబ్బరు మెలిపడడమే. బండిని లిఫ్టు మీద ఎత్తి, చక్రాలు వేలాడుతుండగా బోల్టు బిగించేస్తే, రబ్బరుకి ఆ వేలాడే స్థితే సహజం అవుతుంది. కిందికి దించగానే బండి బరువుకి మెలిపడుతుంది, ఆగి ఉన్నా సరే. పైన గతుకులు, బ్రేకులు. ఆ వర్క్‌షాపులో అంత తొందరేమొచ్చిందో! కిందికి దించాక బిగించడానికి పది నిమిషాలు ఎక్కువ పట్టేది, అంతే. (మా బండిలో ఈ బోల్టు పడుకున్నట్టు ఉంటుంది. వెనక బుష్‌కి నిలువు బోల్టుండే బండ్లలో ఆ బుష్ వరకు ఈ లెక్క వేరు.)

మంగళవారం

సెలవు పెట్టాను. ఆర్మ్ విప్పి ఆటోనగర్‌లో ప్రెస్సు ఉన్న షాపుకి తీసుకెళ్ళాను. బుష్ 420, ప్రెస్సు కూలీ 200. ఆర్మ్ మొత్తం మార్చక్కర్లేదు, బాల్ జాయింట్ బాగానే ఉంది. పాత బుష్ తీయకముందే, దాని రబ్బరులో ఉండే ఖాళీలు ఎటు తిరిగి ఉన్నాయో ఆర్మ్ మీద పెయింటుతో గుర్తు పెట్టాను. ఆ ఖాళీలు ఊరికే పెట్టినవి కావు, ఏ వైపు మెత్తగా ఉండాలో, ఏ వైపు గట్టిగా ఉండాలో అవే నిర్ణయిస్తాయి. నొక్కేటప్పుడు ఆ షాపు పెద్దాయన ఆయిల్ డబ్బా తీయబోతే, "సబ్బునీళ్ళు వేద్దామన్నా, ఆయిలుకి రబ్బరు ఉబ్బుతుంది" అన్నాను. ఆయన నవ్వి సబ్బు తెప్పించాడు.

బిగింపు ఈసారి నేనే. పని మొదలుపెట్టకముందు, బండి నేల మీదుండగానే చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి రాసుకున్నాను, 368 మిల్లీమీటర్లు. ఆర్మ్ ఎక్కించాక బోల్టులు వేళ్ళతో తిప్పినంత వరకే వేశాను. ఆర్మ్ బాల్ జాయింట్ కింద చెక్కముక్క, దాని కింద జాకీ. హబ్ నడిమి నుంచి మడ్‌గార్డుకి మళ్ళీ 368 వచ్చేదాకా ఎత్తాను. ఇప్పుడు ఆర్మ్ బండి నేల మీదున్నప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. అప్పుడు బిగించాను, మెకానిక్ అన్న దగ్గర తెచ్చుకున్న టార్క్ రెంచ్‌తో, సర్వీసు మాన్యువల్‌లో ఉన్న అంకెకి.

కుడి ఆర్మ్ కూడా అదే రోజు, అదే చేతుల్లో బిగిసింది కదా. దాని బోల్టులు కూడా బండి నేల మీదుండగానే వదిలి, ఎత్తు కొలిచి మళ్ళీ బిగించాను. వదిలినప్పుడు దాని స్లీవ్ కూడా తిరిగింది.

ప్రతి బోల్టు తల మీద నుంచి ఫ్రేము మీదికి అక్క నెయిల్ పాలిష్‌తో ఎర్ర గీత గీశాను. బోల్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరుగుతుంది. సాయంత్రం వీల్ అలైన్‌మెంట్, 450. ఆర్మ్ విప్పాక ఇది తప్పదు.

95,640 కి.మీ.

మధ్యలో రెండుసార్లు కొండకి వెళ్ళొచ్చాం. రెండోసారి అమ్మ చెప్పులు విప్పి, పాదాలు నేలకి ఆనించి కూర్చుంది, మలుపు మలుపుకీ "లేదు" అని చెప్తూ వచ్చింది. చిత్తూరుకి కూడా ఒకసారి వెళ్ళొచ్చాను.

ఈ పొద్దున బండి కిందికి దూరి చూశాను. ఎర్ర గీతలన్నీ గీసినవి గీసినట్టే ఉన్నాయి. ఎడమ బుష్ శుభ్రంగా ఉంది. కుడి బుష్ అంచున మాత్రం గోరంత పగులు, ఎనిమిది నెలలు మెలిపడి ఉన్నదాని మిగులు. టామీ రాడ్ పెట్టి మీటితే ఇంకా నోరు తెరవడం లేదు. ఆ పగులు పొడవు కొలిచి, తేదీ, కిలోమీటర్లు రాసుకున్నాను. కొత్త బుష్ తెచ్చి డిక్కీలో పెట్టాను. వచ్చే ఆదివారం తమ్ముడికి తీరిక ఉందంట, జాకీ అప్పుడు తీస్తాం.